ఒకే పొయ్యి

మా బావగారిని షెడ్డులో అందరూ పార్లమెంటు అంటారు. ఎదురుగా కాదు, ఆయన అటు తిరిగాక. ఏ విషయాన్నయినా చర్చకు పెట్టందే ఆయన వదలరు. పరుపుకి ఎన్ని కుట్లు వేయాలి అన్న దగ్గర మొదలుపెట్టి, పక్కదేశంలో వడ్డీలు ఎందుకు పెరిగాయి అన్నదాకా ప్రతిదాని మీదా ఆయన దగ్గర ఒక ప్రసంగం సిద్ధంగా ఉంటుంది. బావగారంటే మా ఆయనకి తోడబుట్టిన అన్న. షెడ్డు వాళ్ల నాన్న పెట్టింది, ఇప్పుడు బావగారి పేరు మీద ఉంది. షెడ్డు వెనకాలే ఇల్లు. ఆ ఇంట్లో బావగారు, మా తోటికోడలు, మా ఆయన, నేను. పిల్లలు వాళ్లకీ లేరు, మాకూ లేరు. పోట్లాడుకోవడానికి పిల్లలైనా లేకపోబట్టే దేశం సంగతులు పట్టుకుని పోట్లాడుతున్నారని మా తోటికోడలు అంటుండేది.

మాది పరుపులు, దిండ్లు కుట్టే షెడ్డు. ఒక మూల దూది ఏకే మిషను, దాని పక్కన నింపే బల్ల, కిటికీల వైపు మా కుట్టు మిషన్లు. కొత్త దూది బేళ్లు కొన్నే వచ్చేవి, పాత పరుపులు మాత్రం బండ్లకొద్దీ వచ్చేవి. ఎవరెవరో పడుకుని, నలిపి, పారేసిన పరుపుల్ని కిలోల లెక్కన కొని, చింపి, లోపలి గడ్డల్ని మిషన్లో వేసి ఏకితే దూది మళ్లీ తెల్లగా పొంగి బయటికొస్తుంది. దాన్ని కొత్త దూదిలో కలిపి కొత్త పరుపని అమ్మడం మా వ్యాపారం. దూది కొత్తదయ్యేది కానీ అందులోంచి లేచే దుమ్ము పాతదే. ఆ దుమ్ము మా ఆయన వంతు. మిషను నడిపేది ఆయనే. సాయంత్రానికి కనుబొమల మీద, మెడ మీద, ముక్కులో దూది పేరుకుని ముసలివాడిలా కనిపించేవాడు. స్నానం చేశాక మళ్లీ వయసు తిరిగొచ్చేది. దగ్గు మాత్రం స్నానంతో పోయేది కాదు.

"అది దుమ్ము దగ్గే, బెల్లం ముక్క తింటే పోతుంది," అనేవాడు.

బెల్లం అయిపోయేది, దగ్గు అలాగే ఉండేది.

బావగారికి జోడీ మా మేస్త్రి. మామగారి కాలం నుంచీ పనిచేస్తున్న మనిషి. మా ఆయనకి ఒంట్లో బాగాలేని రోజున మిషను ఎక్కేది ఆయనే. టీ వేళకి బావగారితో వాదనకు దిగకపోతే ఆయనకి టీ దిగదు. అందుకని ఆయన పేరు ప్రతిపక్షం. నిజానికి ఆయన వాదించేది గెలవడానికి కాదు, ఊరికే కూర్చోలేక. బావగారు తూర్పంటే ఆయన పడమర అనాలి, అంతే.

ఆ ఏడాది వాళ్లిద్దరికీ మంచి మేత దొరికింది. పనివాళ్లున్న ప్రతి షెడ్డూ, ప్రతి కొట్టూ వాళ్లకి ఆరోగ్య బీమా తప్పనిసరిగా కట్టాలని ప్రభుత్వం చట్టం తెస్తోందన్నారు. పరుపుల తయారీదారుల సంఘానికి బావగారు కార్యదర్శి. వారంవారం సమావేశాలు, ఉపన్యాసాలు. అక్కడ చెప్పబోయేది ముందు మా షెడ్డులో, టీ గ్లాసు చేత్తో పట్టుకుని మా మీద ప్రయోగించేవారు. చెప్పేవాడికి వినేవాళ్లు లోకువ కదా.

"బలవంతంగా కట్టిస్తే అది బీమా ఎలా అవుతుందయ్యా? పన్ను అవుతుంది," అనేవారు బావగారు. "ఇష్టమున్నవాడు కట్టుకుంటాడు, లేనివాడు మానేస్తాడు. మధ్యలో ప్రభుత్వానికేం పని?"

"ఇష్టమున్నవాళ్లే కడితే, కట్టేవాళ్లంతా జబ్బు మనుషులే అవుతారు అల్లుడూ," అనేవాడు ప్రతిపక్షం. "అందరూ తోడుకునేవాళ్లే, పోసేవాడు లేడు. ఆ కుండ ఎన్నాళ్లుంటుంది?"

"మరి రాయిలా ఉన్నవాడు ఇంకొకడి జబ్బుకి ఎందుకు కట్టాలి?"

"రాయి ఎన్నాళ్లు రాయిలా ఉంటుందో రాయికేం తెలుసు?"

"చూడు మామా, మార్కెట్ నీళ్లలాంటిది. వదిలేస్తే దాని దారి అదే వెతుక్కుంటుంది."

"నీరు పల్లమెరుగు. ఆ పల్లంలో ఉండేది మేము. మునిగేదీ మేమే."

అందరం నవ్వేవాళ్లం. బావగారు కూడా నవ్వేవారు. ఆయనలో ఆ గుణం ఉంది, తన మీద వేసిన చురకని కూడా మెచ్చుకుంటారు. ఒకసారి, "ప్రభుత్వం పరుపుల్లో వేలు పెడితే ఏమవుతుందో తెలుసా? దూది బదులు చెత్త నింపుతారు," అని ఆవేశంగా అంటే, ప్రతిపక్షం తలెత్తకుండా, "పెట్టకుండానే నింపుతున్నాంగా," అన్నాడు. ఆ రోజు మాత్రం బావగారు టీ పూర్తి చేయకుండా లేచిపోయారు.

ఈ వాదనల మీద మా ఆయనకి ఏ అభిప్రాయమూ లేదు. అన్నయ్య మాట్లాడుతుంటే మిషను ఆపి, గడప మీద కూర్చుని, సినిమా చూస్తున్నట్టు చూసేవాడు. "మా అన్నయ్య చదువుకుని ఉంటే ఎక్కడో ఉండేవాడే," అనేవాడు నాతో. అన్నయ్య ఎక్కడో ఉంటే మనం ఎక్కడుండేవాళ్లమో అని నేను అడిగితే కోపం వచ్చేది. జీతం అనే మాట ఆయన ముందు ఎత్తకూడదు. ఇంటికి కావాల్సింది తోటికోడలు తెస్తుంది, మాకు కావాల్సింది బావగారు ఇస్తారు, మళ్లీ జీతమేమిటి? సొంత షెడ్డులో జీతం తీసుకునేవాడిని ఏమంటారని ఎదురు అడిగేవాడు. షెడ్డు ఎవరి సొంతమో కాగితం మీద ఉందని నేను అనేదాన్ని కాదు. అనాల్సింది.

బావగారు ఎన్ని ఉపన్యాసాలిచ్చినా చట్టం వచ్చింది. ఏకులా వచ్చి మేకైందని ఆయన తిట్టుకున్నారు. అందులో ఒక్క సందు ఉందని సంఘం ప్లీడరు చెప్పాడట. యజమాని కుటుంబ సభ్యులకి బీమా కట్టక్కర్లేదు.

ఒక మధ్యాహ్నం తనిఖీకి ఒక మేడమ్ వచ్చారు. సన్నగా, కళ్లజోడుతో, ఎవరు టీ తెచ్చినా తాగని మనిషి. నింపే బల్ల మీద దూది దులిపించుకుని, అక్కడే కూర్చుని, ఒక్కొక్కరినీ పిలిచి అడగడం మొదలుపెట్టారు.

"యజమాని మీకేమవుతారు?"

మా షెడ్డులో అడగకూడని ప్రశ్న అది. ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవని చోట ప్రతివాళ్లూ ప్రతివాళ్లకీ ఏదో ఒకటి అవుతారు.

"అన్నయ్య అవుతారండి," అంది గుండీలు కుట్టే అమ్మాయి.

"బాబాయ్ అండి," అన్నాడు మూటలు కట్టే కుర్రాడు.

"అల్లుడండి, నా చేతుల మీద పెరిగాడు," అన్నాడు ప్రతిపక్షం.

ఆవిడ కలం కింద పెట్టారు. "ఇది షెడ్డా, పెళ్లివారి విడిదా?"

అదే అదను అనుకున్నారు బావగారు. రెండు చేతులూ జోడించి, గొంతులో తడి తెచ్చుకుని, "చూశారుగా మేడమ్. మా దగ్గర యజమాని, పనివాడు అన్న తేడాల్లేవు. అంతా ఒకే కుటుంబం. కుటుంబానికి బీమా అక్కర్లేదని మీ చట్టంలోనే ఉంది," అన్నారు.

గుండీల అమ్మాయి నాలిక కరుచుకుంది. తన నోటితో తనే తన బీమా పోగొట్టుకున్నానని దానికి అప్పుడు వెలిగింది. మేడమ్ మాత్రం తొణకలేదు.

"వరసలు నాకూ తెలుసండీ. బస్సులో కండక్టర్ని నేను కూడా తమ్ముడూ అనే అంటాను. అంతమాత్రాన ఆస్తిలో వాటా ఇవ్వను కదా. మా లెక్క వేరే. ఒకే ఇల్లు, ఒకే వంట అయితే కుటుంబం. వేరే పొయ్యి అయితే పనివాళ్లు. చెప్పండి, ఎవరు ఎవరింట్లో భోంచేస్తారు?"

అలా అందరి పేర్లూ ఎక్కాయి. ప్రతిపక్షం తన పేరు సరిగ్గా రాశారా లేదా అని రెండుసార్లు చదివించుకున్నాడు. బావగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. చివర్లో మిషను ఆపి మా ఆయన వచ్చి నిలబడ్డాడు, ఒళ్లంతా తెల్లగా.

"మీరేమవుతారు?"

"తమ్ముణ్ని."

"ఏ వరసకి?"

షెడ్డంతా గొల్లుమంది. మా ఆయన నవ్వలేదు. "వరసకి కాదండీ, ఒకే అమ్మ కడుపున పుట్టాం," అంటుండగానే దగ్గు తెర వచ్చింది. ఆవిడ కలం ఎత్తి పట్టుకుని, అది తగ్గేదాకా చూస్తూ కూర్చున్నారు. "వంట ఒకటేనా, వేరా?"

నేను కుట్టు మిషను దగ్గర నుంచి లేచాను. ఎందుకు లేచానో నాకు బాగా తెలుసు. రోజూ పక్కన పడుకుని ఆ ఊపిరి వినేది నేను. బావగారు కాదు, ప్రభుత్వం కాదు. "వేరేనండి," అన్నాను.

మా ఆయన నా వైపు తిరిగాడు. అంతమందిలో నన్ను అలా చూడటం అదే మొదటిసారి. "అబద్ధాలెందుకే? నేనేమన్నా కూలికి వచ్చానా ఇక్కడికి? మా నాన్న పెట్టిన షెడ్డు ఇది. మా అన్నయ్యతో కలిసి ఒకే కంచంలో తిని పెరిగినవాణ్ని. పనివాడని రాయించుకోమంటావా నన్ను?"

బావగారు చటుక్కున వచ్చి తమ్ముడి భుజం మీద చెయ్యి వేశారు. ఈసారి గొంతులో తడి ఆయన తెచ్చుకున్నది కాదు, అదే వచ్చింది. "వీడికి బీమా ఎందుకు మేడమ్? నేను లేనా? నా తమ్ముడికి నేనే బీమా," అన్నారు.

మా తోటికోడలు కళ్లొత్తుకుంది. కుట్టే ఆడవాళ్లు కూడా ఒత్తుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. అంత మంచి మాట విని అంత మంట పుట్టడం తప్పే కావచ్చు, కానీ మంచి మాటలతో ఊపిరాడదు.

వెళ్లేటప్పుడు కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ మేడమ్ నన్ను పిలిచారు. "ఆ దగ్గు మంచిది కాదమ్మా. నిజంగా వేరు పెట్టిన రోజు చెప్పండి, వచ్చి రాసుకుంటాను. అబద్ధంగా పెడితే మాత్రం రాయను."

బీమా మొదలైన కొత్తలోనే మా మేస్త్రి ఆ కార్డు పట్టుకుని ఊళ్లోని పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాడు. జబ్బుందని కాదు, కార్డు పనిచేస్తుందో లేదో చూద్దామని. ఛాతీ ఫొటో తీసి ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుందన్నారు. పడుకోబెట్టుకున్నారు, మందులిచ్చారు, నోట్లో పెట్టుకుని పీల్చే గొట్టమిచ్చారు. ఇక మిషను ఎక్కొద్దని రాసిచ్చారు. ఆయన తిరిగొచ్చి మా ఆయన్ని మిషను దగ్గర చూశాడు. నేరుగా నా దగ్గరికొచ్చి, "అమ్మాయ్, అప్పుడప్పుడూ ఎక్కిన నాకే ఇంత పట్టింది. రోజూ ఎక్కేవాడికి ఎంత పట్టి ఉంటుంది?" అన్నాడు. వాదించడానికి ఎదురుగా ఎవరూ లేనప్పుడు ఆయన గొంతు అంత మెత్తగా ఉంటుందని నాకు తెలీదు.

ఆ మాట నేను బావగారికి చెప్పాను. "చూపిద్దాం, ఈ పెళ్లిళ్ల సీజన్ అయిపోనీ," అన్నారు. సీజన్ అయ్యేలోపే మా ఆయన మిషను దగ్గర కూలబడ్డాడు. పట్టపగలు, అందరి ఎదుటా, నోరు తెరిచి, గాలి కోసం చేతులు చాచి. పెదాలు నేరేడు రంగుకి తిరిగాయి. బావగారు చెప్పులు కూడా వేసుకోకుండా ఆటోలో తమ్ముణ్ని ఒళ్లో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. దారిపొడవునా ఏడ్చారు. ఆ ఏడుపు అబద్ధమని నేననను.

డాక్టరు ఫొటో చూపించి చెప్పింది ఇదీ. ఊపిరితిత్తులు చాలావరకు గట్టిపడ్డాయి. పోయింది రాదు, ఉన్నది కాపాడుకోవాలి. దానికి కొన్ని వారాలు ఆసుపత్రిలో ఉండాలి. ఆ తర్వాత బతికినన్నాళ్లూ మందులు, ఇంట్లో ఆక్సిజన్ మిషను. ఆలస్యం చేసేకొద్దీ మిగిలింది కూడా పోతుంది.

"మొత్తం ఎంతవుతుంది?" అని అడిగారు బావగారు.

"ముందు చేర్పించండి, అవుతున్నకొద్దీ చెప్తాం," అంది కౌంటర్లో అమ్మాయి.

ఆయన నమ్మలేకపోయారు. అంగళ్లన్నీ తిరిగి బేరమాడి దూది కొనే మనిషి. తమ్ముడికి ముక్కుకి గొట్టం పెట్టించి, ఆ ఒక్కరోజు కాచుకోమని నన్ను కూర్చోబెట్టి, ఊళ్లో ఉన్న ఆసుపత్రులన్నీ తిరిగారు. ఒకచోట ఒక మాట, ఇంకోచోట దానికి మూడింతలు. ఒకడు ఆ గది అయితే ఇంత అన్నాడు, ఒకడు ఈ డాక్టరయితే ఇంత అన్నాడు. ఒక్కడూ కాగితం మీద రాసివ్వలేదు. సాయంత్రం వరండాలోకి వచ్చి బల్ల మీద కూలబడి, పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియనివాళ్లందరూ వినేలా ఉపన్యాసం అందుకున్నారు.

"రేటు చెప్పకుండా అమ్మే కొట్టు ఎక్కడైనా ఉందా? ఇది వ్యాపారమా, దారి దోపిడీయా? మనిషికి ఊపిరాడకపోతే బేరమెలా ఆడతాడు? అడిగేవాడే లేడా వీళ్లని? ప్రభుత్వం ఏం చేస్తోంది, నిద్రపోతోందా?"

చూడ్డానికి వచ్చిన మేస్త్రి పక్కనే నిలబడి ఉన్నాడు. జవాబు ఆయన నోటిదాకా వచ్చింది, నాకు కనిపించింది. మింగేశాడు. నేను మింగలేకపోయాను.

"మధ్యలో ప్రభుత్వానికేం పని బావగారూ?" అన్నాను.

చెంప మీద కొట్టినట్టు చూశారాయన. పెళ్లయి వచ్చాక నేను ఆయనకి ఎదురు చెప్పడం అదే మొదలు. ఆ బల్ల మీద అలాగే కూర్చుని, చెప్పుల్లేని తన పాదాలు చూసుకున్నారు.

పెద్దాసుపత్రి మన వల్ల కాదని తేలింది. బావగారు అటు షెడ్డు తాకట్టు పెట్టలేరు, ఇటు పెట్టనని చెప్పలేరు. "వేరే డాక్టర్ని అడుగుదాం, వేరే మందుందట," అంటూ రోజులు జరిపారు. చిన్న ఆసుపత్రిలో దగ్గుకి సూది వేయించి ఇంటికి తీసుకొచ్చాం. మేస్త్రి నన్ను పక్కకి పిలిచి అన్నాడు, "ఆ కార్డుకి జబ్బు ముందే ఉందా అని అడగరమ్మాయ్. అందరూ కట్టాలన్నారు కాబట్టే అందరికీ ఇస్తారు. వేరే కాపురం పెట్టు. నీ మొగుడు పనివాడైతే బతుకుతాడు, తమ్ముడైతే పోతాడు."

మర్నాడే నేను ఒక స్టవ్ కొనుక్కొచ్చాను. పరుపు గుడ్డలు పెట్టే పక్కగది ఖాళీ చేసి, కడిగి, అందులో పెట్టాను. నాలుగు గిన్నెలు, రెండు కంచాలు. మా తోటికోడలు గుమ్మంలో నిలబడి చూసింది.

"నీకేం తక్కువ చేశానే?" అంది.

"ఏం తక్కువ చేయలేదక్కా."

"మరి నా ఇల్లెందుకు చీలుస్తున్నావు?"

చట్టం సంగతి చెప్పాను. వింది. విని, "చట్టానికి బుద్ధి లేకపోతే నీకు లేదా?" అని లోపలికెళ్లిపోయింది. రెండో రోజుకల్లా చుట్టాలకి తెలిసింది. జబ్బుపడ్డ మొగుణ్ని అడ్డం పెట్టుకుని వేరు కాపురం పెట్టిందన్నారు. ఎప్పటి నుంచో చూస్తోంది, ఇప్పటికి సందు దొరికిందన్నారు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని నోరు మూసుకున్నాను.

అవన్నీ పడొచ్చు. మా ఆయన్నే పడలేకపోయాను. భోజనం వేళకి నేను కంచం పెట్టి పిలిస్తే, గోడ పట్టుకుని నెమ్మదిగా లేచి, నా గది దాటుకుని, అన్నయ్య వంటింట్లోకి వెళ్లి కూర్చునేవాడు. అంత దూరానికే ఆయాసం వచ్చేది. మధ్యలో ఆగి, గోడకి ఆనుకుని, ఊపిరి కూడదీసుకుని మళ్లీ నడిచేవాడు. కానీ నడిచేవాడు. "నీ పొయ్యి మీద వండింది నేను ముట్టను," అన్నాడు. "చస్తే అన్నయ్య తమ్ముడిలా చస్తాను."

"నేనేం కావాలి మరి?" అని అడిగాను.

"నిన్ను అన్నయ్య చూసుకుంటాడు," అన్నాడు.

అరవాలనిపించింది. అన్నయ్య నిన్ను చూసుకుంటున్న లక్షణం కనబడుతూనే ఉంది కదా అని. అరవలేదు. ఆ ఊపిరి చూస్తూ ఎలా అరుస్తాం? ఒక్కదాన్నే కూర్చుని నేను వండింది నేనే తిన్నాను.

అయినా మేడమ్‌కి కబురు పెట్టాను. మధ్యాహ్నం వేళ వచ్చారు. నా గది చూశారు. స్టవ్ మీద చెయ్యి పెట్టి వేడి చూశారు, గిన్నె మూత తీశారు. "బాగానే ఉంది. ఆయనెక్కడ?" అన్నారు. నేను జవాబు చెప్పేలోపే ఆ వంటింట్లోంచి దగ్గు వినబడింది. ఆవిడ అటు నడిచారు. మా ఆయన పీట మీద కూర్చుని, కంచంలో చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. తోటికోడలు వడ్డిస్తోంది.

"ఇది ఒకే వంటమ్మా," అన్నారు మేడమ్ నాతో. కోపంగా కాదు, జాలిగా. "నేను రాయలేను."

"ఒకటేనండి," అన్నాడు మా ఆయన, నా వైపు చూడకుండా. "ఎప్పుడూ ఒకటే."

అప్పుడు బావగారు షెడ్డులోంచి వచ్చారు. వాకిట్లో నిలబడి మేడమ్‌ని చూశారు, నన్ను చూశారు. తమ్ముణ్ని చూశారు. మెడ నరాలు ఎగిరి ఎగిరి పడుతుంటే ఒక్కో ముద్దకీ మధ్య ఆగి ఊపిరి తీసుకుంటున్న తమ్ముణ్ని. ఆయన నోట్లోంచి ఉపన్యాసం వస్తుందనుకున్నాను. రాలేదు. లోపలికొచ్చి, వంగి, తమ్ముడి ముందున్న కంచం లాగేశారు.

"లే. ఇది నీ ఇల్లు కాదు."

తోటికోడలి చేతిలో గరిటె కిందపడింది.

"ఇంకోసారి ఈ వంటింట్లో అడుగు పెట్టకు. పనివాడివి పనివాడిలా ఉండు. నీ పెళ్లాం వండింది తిను, నా దగ్గర చెయ్యి చాచకు. మేడమ్, వీడు నా దగ్గర పనిచేసేవాడు. అంతే. రాసుకోండి."

మా ఆయన చెయ్యి ఇంకా అలాగే ఉంది, కంచం ఉన్న చోట. ఆ ఎంగిలి చేత్తోనే లేచాడు. లేవడానికి చాలాసేపు పట్టింది, ఎవరూ సాయం పట్టలేదు, పట్టే ధైర్యం ఎవరికీ లేదు. నా గదిలోకి వచ్చి స్టవ్ ముందు కూర్చున్నాడు. ఆ పూట తినలేదు. మేడమ్ రాసుకున్నారు.

మర్నాటి నుంచి బావగారు నాలుగు రోజులు షెడ్డుకి రాలేదు. అయిదో రోజు బేళ్ల వెనక నన్ను ఆపి, "అమ్మాయ్, వాడి కోసమే చేశానని వాడికి చెప్పు. నటించానని చెప్పు," అన్నారు. కళ్లు వాచి ఉన్నాయి. ఆయన అలా చేసింది తమ్ముడి మీద ప్రేమతోనా, ఆసుపత్రి బరువు దిగిపోతుందనా అని నన్ను తర్వాత చాలామంది అడిగారు. రెండూనేమో. ప్రేమా లెక్కా మా ఇంట్లో ఎప్పుడూ కలిపే ఏకారు, పాత దూదీ కొత్త దూదీ కలిపినట్టు. ఇప్పుడు విడదీయమంటే నా వల్ల కాదు.

మా ఆయనకి చెప్పాను. "నటనకి నోటితో చెప్తే చాలు," అన్నాడు. "తినే కంచం లాగాలా?"

కార్డు వచ్చింది. పెద్దాసుపత్రిలో పడుకోబెట్టుకున్నారు, ఎవరూ రేటు అడగలేదు, చెప్పలేదు. ఆలస్యమైనా కొంత ఊపిరి మిగిలిందన్నారు. మందులు, ఆక్సిజన్ మిషను అన్నీ కార్డు మీదే. డాక్టరు ఒక్కటే అన్నాడు, దుమ్ములోకి వెళ్లకూడదని. నేను తలూపాను. ఇంటికొచ్చాక మేస్త్రి రెండో సగం చెప్పాడు. పనిలో ఉన్నన్నాళ్లే కార్డు. పని మానేస్తే కార్డు పోతుంది. ఊపిరి కావాలంటే ఊపిరి తీసిన షెడ్డులోనే ఉండాలి. బావగారి చర్చల్లో ఎన్నడూ రాని మాట అది, అప్పట్లో ప్రతిపక్షానికి కూడా తట్టలేదు.

అందుకని గేటు దగ్గర స్టూలు వేసి కూర్చోబెట్టారు. వచ్చే బండ్లూ పోయే బండ్లూ చూడటం పని. దూదికి దూరం, షెడ్డుకి దగ్గర. ఇప్పుడు నెలనెలా జీతం వస్తుంది. మూడు పూటలా నేను వండిందే తింటాడు, బాగుందనీ అనడు, బాగాలేదనీ అనడు. నేను కోరుకున్నవన్నీ నాకు దక్కాయి, వేరు కాపురం, జీతం, కార్డు, మొగుడు. ఒక్కోటీ లెక్కపెట్టుకుంటే ఏదీ తగ్గలేదు. అయినా ఇంట్లో మనిషి చచ్చినట్టే ఉంటుంది.

షెడ్డులో అందరూ బావగారిని ఇప్పటికీ అన్నయ్య అని, బాబాయ్ అని, అల్లుడూ అనే పిలుస్తారు. అలా పిలవనిది ఒక్క తోడబుట్టినవాడే.

మొన్న పొద్దున బావగారు లోపలికొస్తూ గేటు దగ్గర ఆగారు. మా ఆయన స్టూలు మీంచి లేచాడు. లేస్తే ఆయాసం వస్తుంది. అయినా లేచాడు, ఒక చెయ్యి గోడ మీద వేసుకుని.

"కూర్చోరా, లేవకు. డాక్టరు ఏమన్నాడు?"

"బాగానే ఉందన్నారు సార్. మందులు కార్డు మీదే ఇచ్చారు సార్."

"నన్ను సార్ అనకురా."

"మరేమనమంటారు సార్?" అన్నాడు మా ఆయన. వెటకారం లేదు. ఎలా పిలవాలో నిజంగానే తెలియక అడిగినట్టు అడిగి, జవాబు వచ్చేదాకా నిలబడే ఉన్నాడు.